10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి ఏ స్పేర్లు దగ్గర పెట్టుకోవాలె? భోపాల్ మ్యాచ్ ఉంది

ఓరుగల్లు_నాన్న:

అందరికీ నమస్తే. మా బిడ్డ ఇంటర్ చదువుతుంది, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ షూట్ చేస్తది. సెకండ్ హ్యాండ్‌ల ఒక జర్మనీ రైఫిల్ తీసుకున్నం, గాలి సిలిండర్ ది, 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్‌ది. రైఫిల్ మంచిగనే ఉంది, గురి మంచిగనే పడుతుంది. డిసెంబర్‌ల మ్యాచ్‌కి భోపాల్ పోవాలె, అక్కడ ఏదన్న ఖరాబ్ అయితే మాకు తెలిసినోళ్లు ఎవరూ లేరు. అందుకే కొన్ని స్పేర్లు ముందే కొని పెట్టుకుందామని అడిగితే అమ్మేటాయన పే...ద్ద లిస్టు పంపిండు. రెగ్యులేటర్, ట్రిగ్గర్ యూనిట్ మొత్తం, ఫైరింగ్ వాల్వ్, స్ప్రింగులు, సీల్ కిట్, వెనక సైట్ కొత్తది ఇంకా ఏవేవో. అన్నీ కలిపితే రైఫిల్‌కి పెట్టిన పైసలల్ల సగం దాకా అయితున్నయి. నేను చిన్న నౌకరీ చేసుకునేటోన్ని, బిడ్డ ఆటకు ఖర్చు పెట్టనీకి ఎనక ముందు ఆడను గానీ పనికిరానియి కొని డబ్బాల పెట్టుడు ఎందుకు. వీటిల నిజంగ ఏది అవసరం ఏది కాదు చెప్పుండ్రి.

ఇంకోటి, సాయంత్రం 200 బార్ నింపి పెడితే పొద్దుగాల చూసేసరికి గేజ్ ముల్లు కొంచెం కిందికి ఉంటున్నది. లీకేనా ఇది?

బెజవాడ_రేంజ్:

నాన్నగారూ, ఆ లిస్టు పక్కన పెట్టేయండి ముందు. నేను పిల్లలకి నేర్పిస్తుంటాను, మా దగ్గర ప్రతి స్పేర్‌కీ రెండు ప్రశ్నలు వేసుకుంటాం. ఇది పోతే మ్యాచ్ ఆగిపోద్దా? దీన్ని రేంజ్‌లో బెంచీ మీద, అలెన్ కీ పట్టుకుని, అమ్మాయో మీరో పది నిమిషాల్లో మార్చగలరా? రెండిటికీ అవునంటేనే కొనండి. ఒకదానికి అవును ఇంకోదానికి కాదు అంటే అది సర్వీసింగ్ చేసేవాళ్ల దగ్గర ఉండాల్సిన సామాను, మీ డబ్బాలో కాదు.

రెగ్యులేటర్ చూడండి, 200 బార్ గాలిని తగ్గించి ప్రతి షాట్‌కీ ఒకే ప్రెషర్ ఇచ్చేది అదే. అది పోతే మ్యాచ్ పోయినట్టే, నిజమే. కానీ కొత్తది బిగించాక వేగం ఎంత వస్తుందో క్రోనోగ్రాఫ్ మీద చూసి సెట్ చేయాలి, మామూలుగా మ్యాచ్ రైఫిళ్లు సెకనుకి 170 మీటర్ల చుట్టుపక్కల ఉంటాయి, ఆ పని భోపాల్‌లో హోటల్ రూమ్‌లో కూర్చుని చేసేది కాదండీ. పైగా లోపల ప్రెషర్ ఉండగా ఎవరన్నా విప్పితే పార్ట్ ఎగిరొచ్చి తగుల్తుంది. ట్రిగ్గర్ యూనిట్ కూడా అంతే, కొత్త ట్రిగ్గర్ పెడితే మీ అమ్మాయి వేలికి అలవాటైన పుల్ మారిపోతుంది, అది ఒక్కపూటలో కుదిరేది కాదు. ఫైరింగ్ వాల్వ్, దాని స్ప్రింగు కూడా వదిలేయండి. వెళ్లే ముందు నెలన్నా ఉండగా ఒకసారి సర్వీస్ చేయించండి, ఆ డబ్బు అక్కడ పెట్టండి.

మరి ఉంచుకోవాల్సింది ఏంటంటే ముందు ఓ-రింగులు. గాలి రైఫిల్ ఆగిపోవడానికి మామూలుగా కారణం అదే, వంటింట్లో గ్యాస్ సిలిండర్ వాషర్ లాంటిదనుకోండి, చిన్న రబ్బరు రింగు, అది నలిగితే అంతే. మూడు చోట్లవి ఉంచుకోండి. సిలిండర్ రైఫిల్‌కి బిగించే చోటిది, గాలి నింపే అడాప్టర్‌లోది, పెల్లెట్ పెట్టి లివర్ మూసే చోట బ్యారెల్ వెనక ఉండే సీల్. మూడోది అరిగితే రైఫిల్ ఆగదు, షాట్ పేలుతూనే ఉంటుంది కానీ గాలి పక్కకి తప్పించుకుని వేగం ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ తేడా వచ్చేసి షాట్లు పైకీ కిందకీ పడతాయి, పిల్లలేమో తమ పొజిషన్‌లోనే తప్పుందనుకుని రోజుల తరబడి నిలబడే పద్ధతి మార్చుకుంటూ ఉంటారు, అది చూస్తే నాకు చాలా బాధేస్తుంది. ఒక్కో రకం రెండు మూడు చాలు, రబ్బరు కాబట్టి ఏళ్లకేళ్లు నిలవ ఉంచకండి.

తర్వాత స్క్రూలు. ఫ్రంట్ సైట్, వెనక సైట్, చీక్ పీస్ (చెంప ఆనించేది), బట్ ప్లేట్ (భుజానికి ఆనించేది), వీటికి వాడేవి ఒక్కోటి అదనంగా. రైలు కుదుపుల్లో ఊడిపోయేవి ఇవే. స్టాక్‌లోకి బ్యారెల్డ్ యాక్షన్ (బ్యారెల్, పేల్చే మెకానిజం కలిసి ఉండే భాగం) బిగించే స్క్రూలకి మాత్రం మాన్యువల్‌లో టార్క్ రాసి ఉంటుంది, చేతి బలంతో బిగించకండి, ఒక చిన్న టార్క్ రెంచ్ కొనుక్కుంటే వెనక సైట్ కొన్నదానికన్నా ఎక్కువ ఉపయోగం.

బాలానగర్_ఫిట్టర్:

నేను షూటర్ ని కాదు, హైడ్రాలిక్స్ పని చేస్తా, మా తమ్ముడి రైఫిల్ సీల్స్ నేనే చూస్తుంటా. ఓ-రింగుల గురించి ఒక్క మాట. సైజు ఒకటే కదా అని హార్డ్‌వేర్ షాపులో పది రూపాయలకి దొరికేది తెచ్చి వేయకండి అన్నా. లోపలి కొలత, మందం రెండూ సరిపోయినా గట్టిదనం సరిపోవాలి, మామూలు మెత్తటి రబ్బరు 200 బార్ దగ్గర సందులోకి పిండుకుపోయి అంచు తెగుతుంది. కంపెనీ పార్ట్ నంబర్ చూసి కొనండి, లేదా గట్టిదనం తెలిసిన చోట కొనండి. కవర్ మీద ఏది ఎక్కడిదో పెన్నుతో రాసి పెట్టుకోండి, బయటికి తీశాక అన్నీ ఒక్కలాగే కనబడతాయి.

గ్రీజు కూడా స్పేరే అనుకోండి. సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబ్. కుట్టుమిషన్ ఆయిల్, ఇంజన్ ఆయిల్, చైన్ స్ప్రే ఇలాంటివి ఎయిర్ సైడ్‌కి అస్సలు తగలనివ్వొద్దు, ప్రెషర్ ఒక్కసారిగా పెరిగితే గాలి వేడెక్కుతుంది, అక్కడ నూనె ఉంటే మండుతుంది. ఆక్సిజన్ సిలిండర్ నుంచి నింపడం మాట అసలు ఎత్తొద్దు, ప్రాణాలు పోతాయి. పొడి గాలి మాత్రమే, అదీ మెల్లగా నింపాలి.

ఇక ముల్లు తగ్గడం. గబగబా నింపితే గాలి వేడిగా ఉంటుంది, చల్లబడ్డాక ప్రెషర్ తగ్గుతుంది, అది లీకు కాదు. చలికి కూడా తగ్గుద్ది. 35 డిగ్రీల్లో 200 చూపించిన సిలిండర్ 10 డిగ్రీలకి వస్తే ఇంచుమించు 184 చూపిస్తుంది, లోపల గాలి అంతే ఉంది. భోపాల్‌లో డిసెంబర్ పొద్దున్న మీకు ఇదే కనబడుతుంది, కంగారు పడి సీల్స్ విప్పకండి. నిజంగా లీకో కాదో తెలియాలంటే సిలిండర్ విప్పి విడిగా ఒక రాత్రి ఉంచండి, మర్నాడు అదే టైమ్‌కి అదే గదిలో చూడండి. విడిగా ఉన్నప్పుడు ముల్లు నిలబడి, రైఫిల్‌కి బిగిస్తే దిగుతుంటే లీకు రైఫిల్ వైపు ఉన్నట్టు. విడిగా కూడా దిగుతుంటే సిలిండర్ వాల్వ్ లేదా గేజ్, దాన్ని మీరు ముట్టుకోవద్దు. జాయింట్ దగ్గర సబ్బు నురగ రాస్తే బుడగలు వస్తాయి, తర్వాత శుభ్రంగా తుడవండి.

పదిపాయింట్_తొమ్మిది:

హాయ్ అంకుల్, నేను గచ్చిబౌలి రేంజ్‌లో షూట్ చేస్తాను, స్టేట్ లెవల్ దాకా వెళ్లాను. పైన ఇద్దరూ గన్ గురించి చెప్పారు, నేను మ్యాచ్ రోజు గురించి చెప్తా. టోక్యో ఒలింపిక్స్‌లో 2021 జులైలో మను భాకర్‌కి క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ ఇబ్బంది పెట్టింది గుర్తుందా, అది పిస్టలే అనుకోండి కానీ విషయం ఒకటే. లేన్ వదిలి వెళ్లి గన్ బాగు చేయించుకుని రావాల్సి వచ్చింది, చాలా టైమ్ పోయింది, చివరికి 575 కొట్టి 12వ స్థానంలో ఆగిపోయింది, ఫైనల్‌కి 8 మందే కదా. అంత ఒత్తిడిలో అంత స్కోర్ కొట్టడమే గొప్ప అని నేను ఇప్పటికీ అంటాను, 2024లో ప్యారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది కూడా. ఆ స్థాయిలో పక్కన కోచ్‌లు ఉన్నా టైమ్ పోతుంది, మనలాంటి వాళ్లకి ఎవరుంటారు చెప్పండి. అందుకే స్పేర్ కొనడం సగం పనే, చెల్లి ఇంట్లో కూర్చుని ఆ ఓ-రింగు తీసి మళ్లీ వేయడం తన చేత్తో తనే కొన్నిసార్లు చేసి ఉండాలి. మీరు గ్యాలరీలో ఉంటారు, లేన్‌లో తను ఒక్కతే.

సైట్ విషయంలో వెనక సైట్ మొత్తం కొనక్కర్లేదు. ఫ్రంట్ సైట్‌లో పెట్టే రింగులు మాత్రం ఒక సైజు పైదీ ఒక సైజు కిందదీ ఉంచండి, కొత్త రేంజ్‌లో లైటింగ్ వేరేగా ఉంటే టార్గెట్ చుట్టూ తెలుపు తక్కువ కనబడి కళ్లు అలసిపోతాయి. కొనేముందు మీ ఫ్రంట్ సైట్ ఏ సైజుదో, ఎం18 దో ఎం22 దో చూసుకోండి, ఒకదానివి ఇంకోదానికి పట్టవు. బయల్దేరే ముందు సైట్ క్లిక్కులు, బట్ ప్లేట్ ఎత్తు, చీక్ పీస్ పొజిషన్ అన్నీ ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి, స్క్రూల మీద చిన్న పెయింట్ చుక్క పెడితే కదిలిందో లేదో చూడగానే తెలిసిపోతుంది.

పెల్లెట్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి!! ఏ బ్యాచ్‌తో ప్రాక్టీస్ చేస్తుందో అదే బ్యాచ్ నంబర్ డబ్బాలు సీజన్ మొత్తానికీ సరిపడా కొనిపెట్టండి, ఒక డబ్బాలో 500 ఉంటాయి కాబట్టి లెక్క తేలికే. అదే కంపెనీ అదే పేరు అయినా ఇంకో బ్యాచ్ వేరేగా పడొచ్చు. బ్యారెల్‌లో తోసే ఫెల్ట్ క్లీనింగ్ పెల్లెట్లు ఒక ప్యాకెట్ ఉంచండి.

ఇంకా ముఖ్యమైనది, ఎక్విప్‌మెంట్ కంట్రోల్ (మ్యాచ్‌లో గన్, సామాను తనిఖీ) అయ్యాక గన్‌లో ఏదైనా మార్చాల్సి వస్తే అక్కడ అధికారులకి చెప్పి మార్చాలి. బరువు 5.5 కిలోలు దాటకూడదు, స్పేర్ వెయిట్లు అవీ తగిలిస్తే చూసుకోండి.

ఓరుగల్లు_నాన్న:

అందరికీ శానా థ్యాంక్స్. ఫిట్టర్ తమ్ముడు చెప్పినట్టే సిలిండర్ విప్పి పెట్టిన, విడిగ ముల్లు అట్లనే ఉంది, బిగించినా ఒక్క రాత్రికి పెద్దగ దిగలే, అంటే నేను గబగబ నింపుడే కారణం. రెగ్యులేటర్, ట్రిగ్గర్ వద్దని చెప్పేసిన. అయితే సిలిండర్ విప్పినప్పుడు దాని మీద ఏదో తేదీ కొట్టి ఉంది, నెల తర్వాత 2014 అని. ఇది తయారైన తేదీనా? అమ్మినాయన దీని గురించి ఏం చెప్పలే.

బెజవాడ_రేంజ్:

అయ్యో నాన్నగారూ, మంచిపని చేశారు అడిగి. అది తయారైన తేదీ అయితే ఆ సిలిండర్ గడువు అయిపోయింది. ఈ సిలిండర్లకి గరిష్ఠంగా 10 ఏళ్లే, అది అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ రూల్ బుక్‌లోనే ఉంది, గడువులో ఉన్న సిలిండర్ వాడే బాధ్యత షూటర్‌దే అని. ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లో చూశారంటే ఆపేస్తారు, అంతకన్నా ముఖ్యం అమ్మాయి చెంప దానికి జానెడు దూరంలో ఉంటుంది. ఇంక దాన్ని నింపకండి, ఉన్న గాలి మెల్లగా వదిలేసి పక్కన పెట్టండి. ఆ లిస్టులో లేనిదే మీకు అన్నిటికన్నా అవసరమైంది. మీ మోడల్‌కి సరిపోయే కొత్త సిలిండర్ ఇప్పుడే ఆర్డర్ పెట్టండి, బయటినుంచి రావాల్సొస్తే వారాలు పడుతుంది, డెలివరీ తీసుకునేటప్పుడు తేదీ చూడండి, షాపులో ఏళ్లుగా పడి ఉన్నది అంటగట్టనివ్వొద్దు. బడ్జెట్ ఉంటే రెండు, లేకపోతే ఒకటి చాలు, ఒకసారి నింపితే 60 షాట్ల మ్యాచ్, ముందు గురి సరిచూసుకునే సైటింగ్ షాట్లతో కలిపి హాయిగా అయిపోతుంది. కొత్తది వచ్చాక పాత గురి అలాగే ఉందనుకోకండి, బరువు కొంచెం మారినా బ్యాలెన్స్ మారుతుంది, దాంతోనే ప్రాక్టీస్ చేయించండి.

పదిపాయింట్_తొమ్మిది:

అంకుల్ ఫ్లైట్‌లో వెళ్తుంటే సిలిండర్ పూర్తిగా ఖాళీ చేసి రైఫిల్ నుంచి విప్పేసి పెట్టాలి, రైఫిల్ చెక్-ఇన్‌లోనే, ఎయిర్‌లైన్‌కి ముందే చెప్పి పెట్టండి, అసోసియేషన్ లెటర్, మ్యాచ్ ఎంట్రీ కాగితం చేతిలో ఉంచుకోండి. అలెన్ కీలు కూడా చెక్-ఇన్‌లో వేసేయండి. ఓ-రింగుల కవర్ మాత్రం చెల్లి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టించండి, పెద్ద బ్యాగ్ లేటుగా వచ్చినా చిన్నవాటి కోసం వెతుక్కోనక్కర్లేదు. అక్కడ గాలి ఎక్కడ నింపుతారో, మీ అడాప్టర్ వాళ్ల ట్యాంక్‌కి పడుతుందో లేదో వెళ్లకముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఓరుగల్లు_నాన్న:

రైలుకే పోతున్నం బిడ్డా. సిలిండర్ గురించి రేపే ఫోన్ చేస్త, తేదీ ఫోటో పంపమని అడిగినంకనే పైసలు కడత. సీల్ మార్చుడు ఇయ్యాల్ల సాయంత్రం నుంచే మా బిడ్డతోని చేపిస్త.