రెడింగ్ ఉగాది: మోరిస్ మైనర్ పెట్రోలు పంపు పని, శనివారం ఎవరెవరు వస్తున్నారు?

(ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉగాది ఏర్పాట్లు చూసేవాళ్ల మాటలివి. పేర్ల చోట ఎవరి బాధ్యత వాళ్లది ఉంది.)

రవాణా: అందరికీ నమస్కారం. పంచాంగ శ్రవణానికి పంతులుగారిని ఊరేగింపుగా తీసుకొద్దామనుకున్న మోరిస్ మైనర్ (పాత బ్రిటిష్ కారు) ఇంకా స్టార్ట్ కాలేదు. పక్కింటి పెద్దాయనది, 1967 బండి. కోవిడ్ ముందు నుంచీ గరాజ్‌లోనే ఉంది. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది కానీ కార్బురేటర్‌కి పెట్రోలు రావట్లేదు. పంపు విప్పడానికి పెద్దాయన సరేనన్నారు. శనివారం పొద్దున్న ఇద్దరు సాయం కావాలి.

వంటలు: తమ్ముడూ, మా మామయ్యగారు విజయవాడలో ఏళ్ల తరబడి అంబాసిడర్ నడిపారు. పంపుకి చిన్న లివర్ ఉంటుంది, చేత్తో నాలుగుసార్లు ఆడిస్తే పెట్రోలు ఎక్కుతుంది అంటున్నారు.

రవాణా: అక్కా, అంబాసిడర్‌కైతే ఆయన చెప్పింది కరెక్టే, దాని పంపుని ఇంజనే ఆడిస్తుంది. ఇది ఎస్‌యూ కంపెనీ కరెంటు పంపు, ఇంజన్ వెనక గోడకి బిగించి ఉంటుంది. కీ ఆన్ చేయగానే టిక్కు టిక్కుమని కొట్టుకుని, కార్బురేటర్ గిన్నె నిండాక ఆగాలి. మనదానికి చప్పుడే లేదు. వాడకుండా వదిలేస్తే లోపల పాయింట్ల (కరెంటు కలిపే, విడదీసే బిళ్లల) మీద నల్లటి పొర కట్టి కరెంటు అందదు. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే ఒక్కోసారి కదులుతుంది. అలా కదిలిందని దాన్ని నమ్ముకుని పంతులుగారిని ఎక్కించలేం! ముందు పంపు దగ్గరికి 12 వోల్టులు వస్తున్నాయా, ఎర్త్ వైరు గట్టిగా ఉందా చూద్దాం. అవి బాగుంటే నల్ల మూత తీసి పాయింట్లు శుభ్రం చేద్దాం.

సౌండ్ సిస్టం: అన్నా, నేను వస్తా, మల్టీమీటర్ తెస్తా. బ్యాటరీ దిగిపోతే నా కారు నుంచి జంపర్ వైర్లు వేద్దామా?

రవాణా: వద్దు. ఈ బండికి బ్యాటరీ ప్లస్సే బాడీకి కలిపి ఉంటుంది. మన కార్ల అలవాటులో నల్ల క్లిప్పు బాడీకి తగిలిస్తే షార్టే. ఛార్జర్ తీసుకురా.

ఇంకో మాట. పంపు ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటే ట్యాంకులో పెట్రోలు లేకపోవాలి, లేదా వచ్చే దారిలో ఎక్కడో గాలి లాగుతుండాలి. అప్పుడు చూడాల్సింది రబ్బరు గొట్టాలు. పాత రబ్బరుకి ఈ10 (10 శాతం దాకా ఇథనాల్ కలిపిన) పెట్రోలు పడదు, అందుకే ఇథనాల్ తక్కువుండే ఈ5 సూపర్ పోద్దాం. ట్యాంకులో ఉన్న పాతది తోడేయాలి, వాసన చూస్తేనే తెలుస్తోంది, వార్నిష్ డబ్బాలా ఉంది. ఈ పనంతా గరాజ్ బయటే. మంటలార్పే సిలిండర్ పక్కనే ఉండాలి, సిగరెట్ బ్యాచ్ దూరంగా ఉండాలి.

సెక్రటరీ: కాగితాల సంగతేంటి? ఎంఓటీ (బండికి ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష) లేదు కదా?

రవాణా: 40 ఏళ్లు దాటిన బండి, పెద్ద మార్పులేం చేయలేదు కాబట్టి ఎంఓటీ అక్కర్లేదు. కానీ సోర్న్‌లో ఉంది, అంటే రోడ్డు మీద తిప్పట్లేదని రాసిచ్చారు. రోడ్డెక్కాలంటే ఇన్సూరెన్స్ తీసుకుని ట్యాక్స్ కట్టాలి. ట్యాక్స్ సున్నాయే అయినా డీవీఎల్ఏలో (బండ్ల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ ఆఫీసులో) అప్లై చేయక తప్పదు. పెద్దాయన ఈ వారమే చేస్తానన్నారు.

వంటలు: స్టార్ట్ కాకపోతే?

సెక్రటరీ: బుధవారం దాకా చూద్దాం. కాకపోతే బండిని ట్రైలర్ మీద తెచ్చి, పూలు కట్టి హాలు ముందు ఫొటోలకి పెడదాం. పంతులుగారు నా కారులో వస్తారు. అలంకరణ బృందం, బంతిపూల దండలు రెండు ఎక్కువ చెప్పండి. పెయింట్ మీద టేపు మాత్రం అంటించొద్దు, పెద్దాయన మరీ మరీ చెప్పారు.