2013 సొనాటా కొనొచ్చా? ఓనర్ల ఫిర్యాదులు చదివాక టెన్షన్ పట్టుకుంది

అందరికీ నమస్తే. మేం డల్లాస్‌లో ఉంటాం. మా ఆవిడ ఆఫీసుకి వెళ్లిరావడానికి 2013 హ్యుందాయ్ సొనాటా, 2.4 లీటర్ ఇంజిన్‌ది, చూశాం. బండి నీట్‌గా ఉంది, ధర కూడా అందుబాటులోనే ఉంది. కానీ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ) దగ్గర ఓనర్లు పెట్టిన ఫిర్యాదులు చదువుతుంటే చాలావరకు ఒకే వరస: ముందు ఇంజిన్‌లో టకటకమని చప్పుడు, ఆపైన హైవే మీద నడుస్తూ నడుస్తూ బండి ఆగిపోవడం. క్రాంక్‌షాఫ్ట్ తయారీలో మిగిలిన లోహపు తునకలు ఆయిల్ దారికి అడ్డుపడి కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరిగిపోతాయట. 2011, 2012 మోడళ్లను 2015లో, 2013, 2014 మోడళ్లను 2017లో రీకాల్ చేశారు.

బాధపడినవాళ్లే ఫిర్యాదు రాస్తారు, బాగా నడుస్తున్నవాళ్లు రాయరు. అందుకే ఎన్ని ఫిర్యాదులున్నాయి అన్నదానికంటే, సమస్య ఎన్ని మైళ్ల దగ్గర వచ్చిందన్నదే ముఖ్యం అనిపిస్తోంది. మీరు ఎలా లెక్క వేస్తారు?

అమ్మేవాళ్లు రీకాల్ పని అయిపోయిందంటున్నారు. వీఐఎన్ (బండి గుర్తింపు నంబర్) కొట్టి చూస్తే పెండింగ్ ఏమీ లేదు. అంటే ఇంజిన్ మార్చినట్టా, చెక్ చేసి వదిలేసినట్టా? డీలర్ సర్వీస్ రికార్డులో అది తేలుతుందా? నాక్ సెన్సర్ అప్‌డేట్ (బేరింగు అరుగుదలను ముందే పసిగట్టే సాఫ్ట్‌వేర్) అయిందో లేదో ఎలా తెలుసుకోవాలి? ఆయిల్ మార్పించిన రసీదులు సగమే ఉన్నాయి, నాకు అదే ఎక్కువ భయంగా ఉంది. ఈ బండి నడిపినవాళ్లు, మెకానిక్ పని తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. శనివారంలోగా వాళ్లకి మాట చెప్పాలి.