అమ్మ నెల రోజులుగా తింటున్న హోపియాలో పంది కొవ్వు ఉందట. చెప్పాలా, వద్దా?

యూనియన్‌సిటీ_కొడుకు:
మాది కాలిఫోర్నియాలోని యూనియన్ సిటీ. ఫిలిప్పీన్స్ వాళ్ళు, మనవాళ్ళు పక్కపక్క ఇళ్ళలో ఉండే ఊరు. మా ఇంటి నుంచి పది నిమిషాలు నడిస్తే ఒక ఫిలిప్పీనో బేకరీ ఉంది. అమ్మ ఆరు నెలలు ఉండి వెళ్దామని తెనాలి నుంచి వచ్చింది. వయసు 68. ఊహ తెలిసినప్పటి నుంచి గుడ్డు కూడా ముట్టని మనిషి. పొద్దున్నే నాతో వాకింగ్‌కి వస్తుంది, తిరిగొచ్చేటప్పుడు బేకరీ దగ్గర ఆగుతాం. నాకూ పిల్లలకూ పాన్‌డెసాల్ అనే చిన్న బన్నులు, అమ్మకు లోపల పెసరపప్పు పెట్టిన హోపియా అనే పొరల బిళ్ళ.

మొదటిరోజు కౌంటర్ దగ్గరున్న అమ్మాయిని అడిగే కొన్నాను. గుడ్డు ఉందా, మాంసం ఉందా అన్నాను. రెండూ లేవంది. అమ్మ హోపియా విరిస్తే పై పొర రేకులు రేకులుగా ఒళ్ళో రాలింది. లోపల పచ్చగా, మెత్తగా పెసరపప్పు ముద్ద. "ఒరే, ఇది మన పూర్ణమేరా, యాలకులు పడలేదంతే" అంది. అప్పటి నుంచి రోజుకొకటి.

మొన్న శనివారం విడి హోపియాలు అయిపోతే పక్క అరలో ఉన్న ప్యాకెట్ తెచ్చాను. ఇంటికొచ్చాక స్టిక్కర్ మీద పదార్థాలు చదివితే పిండి, పెసరపప్పు, చక్కెర తర్వాత 'లార్డ్' అని ఉంది. పంది కొవ్వు. విడిగా అమ్మేవి కూడా అవేనా అని ఫోన్ చేసి కనుక్కున్నాను. అవేనట.

నాలుగు రోజులుగా నిద్ర పట్టడం లేదు. అమ్మకు ఏదో ఒక సాకు చెప్పి బేకరీ మాన్పించాను. ఇప్పుడు నిజం చెప్పాలా? ఇంకోటి, అడిగినా చెప్పని ఆ బేకరీకి ఇక వెళ్ళడం న్యాయమేనా?

గోదారి_కోడలు:
చెప్పకండి. నా మాట వినండి. ఆవిడ తెలిసి తినలేదు, మీరు తెలిసి పెట్టలేదు. చెబితే మీ మనసు తేలికవుతుంది, ఆవిడ మనసు బరువెక్కుతుంది. పెద్ద వయసులో పరాయి దేశంలో ఉంది. ఏ స్నేహితురాలితో చెప్పుకుని ఏడుస్తుంది? మా అత్తగారికి ఒకసారి ఇలాగే ఒక సూప్ విషయం తెలిసింది. మూడు రోజులు పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టలేదు, షుగర్ పడిపోయి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆ టెన్షన్ మీకు వద్దు. బేకరీ మానేశారు, అక్కడితో సరి.

దావావో_డాక్టర్:
నేను ఫిలిప్పీన్స్‌లోని దావావోలో మెడిసిన్ చదివాను. మా హాస్టల్ గేటు ఎదురుగానే పనదెర్యా, అంటే వాళ్ళ వీధి బేకరీ. కాబట్టి రెండో ప్రశ్నకి ముందు జవాబిస్తాను. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. మీరు అడిగినదానికి సరిగ్గానే చెప్పింది.

ఫిలిప్పీన్స్‌లో మాంసం అంటే ముక్క. కొవ్వుని వాళ్ళు మాంసంలో కలపరు, అది వంటనూనెతో సమానం. 'మంతికా' అనే మాట స్పానిష్‌లో పంది కొవ్వుకి వాడే మాట నుంచి వచ్చింది, ఇప్పుడు ఏ నూనెకైనా అదే మాట. అందుకే 'మంతికా నంగ్ బాబోయ్' అని విడిగా అడగాలి. బాబోయ్ అంటే పంది. మనవాళ్ళం ఎక్కడికెళ్ళినా గుడ్డు, మాంసం అని రెండే అడుగుతాం. ఏ కొవ్వు వాడారని అడగం, ఎందుకంటే మన ఊళ్ళో ఆ ప్రశ్న అవసరం పడదు.

హోపియా నిజానికి చైనా సరుకు. ఫూజియన్ నుంచి మనీలా వచ్చి స్థిరపడ్డవాళ్ళు తెచ్చింది. మనీలాలోని బినోండో 1594లో ఏర్పడ్డ చైనా పేట, అక్కడ 1912 నుంచి హోపియా అమ్ముతున్న దుకాణం ఇప్పటికీ ఉంది. వాళ్ళ పాత పద్ధతిలో పై పొరకి పంది కొవ్వే. ఇక్కడ మనల్ని తికమక పెట్టేది పేర్లు. 'హోపియాంగ్ బాబోయ్' అని ఒకటుంది, పంది హోపియా అన్నమాట. అందులో మాంసం ముక్క ఉండదు, పాకం పట్టిన బూడిదగుమ్మడి ముక్కలు, ఉల్లికాడలు, కొవ్వు ఉంటాయి. పెసరపప్పు హోపియా పేరులో పంది లేదు, పై పొరలో ఉండొచ్చు. ఎన్‌సైమాదా అనే వెన్న బన్ను ఉంటుంది చూడండి, పైన చీజ్ తురుము, చక్కెర చల్లి ఇస్తారు. ఆ పేరులోనే పంది కొవ్వు ఉంది, స్పెయిన్‌లోని మయోర్కా దీవి మాట. కానీ ఫిలిప్పీన్స్‌లో ఇప్పుడు ఎక్కువగా వెన్నతోనే చేస్తారు. అంటే పేరు చూసి నిర్ణయించుకోవడానికి లేదు.

అమ్మకు చెప్పండి. నేనైతే చెబుతాను.

వల్లేహో_ల్యాబ్:
డాక్టర్ గారూ, మీ వివరం బాగుంది కానీ బేకరీది ఏ తప్పూ లేదన్నట్టు వదిలేయడం నాకు నచ్చలేదు. నేను ఆసుపత్రి ల్యాబ్‌లో పని చేస్తాను, మా షిఫ్ట్‌లో సగం మంది ఫిలిప్పీనో నర్సులు. తెల్లవారుజామున ఎవరో ఒకరు కాగితం సంచిలో పాన్‌డెసాల్ తెస్తారు. సంచి ఇంకా వెచ్చగా ఉంటుంది, బ్రెడ్ పొడి వేళ్ళకు అంటుకుంటుంది. వాళ్ళంటే నాకు ప్రాణం. అయినా ఈ మాట అనాలి.

అమెరికాలో ప్యాకెట్ మీద పదార్థాలు రాయడం తప్పనిసరి. అక్కడే కాల్చి, కౌంటర్‌లో విడిగా తీసి ఇచ్చే సరుకుకి ఆ జాబితా అక్కర్లేదు. చట్టం అలర్జీ కింద లెక్కేసేవి తొమ్మిది, 2023 జనవరి 1 నుంచి నువ్వులు కూడా వాటిలో చేరాయి. గుడ్డు, పాలు, గోధుమ ఉన్నాయి. పంది కొవ్వు అలర్జీ కాదు కాబట్టి లేదు. చట్ట ప్రకారం ఆ బేకరీ తప్పు చేయలేదు, ఒప్పుకుంటాను. కానీ యూనియన్ సిటీలో వచ్చే గిరాకీలో మనవాళ్ళు, ముస్లింలు ఎంతమంది ఉంటారో యజమానికి తెలియదా? ట్రే ముందు ధర రాసే చీటీ మీద ఇంకో మాట రాయడానికి ఖర్చేముంది?

కర్నూలు_భాయ్:
వల్లేహో అక్క మాటకి నా ఓటు. కానీ అన్నా, చీటీ కోసం ఎదురుచూడకండి. మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ అడగడమే అలవాటు. బిస్కెట్ ప్యాకెట్ కొన్నా వెనక్కి తిప్పి చదువుతాం, బేకరీలో అయితే లోపల కాల్చే మనిషిని పిలిపించి అడుగుతాం. కౌంటర్‌లో ఉండే పిల్లలకు తెలియదు, వాళ్ళ తప్పు కాదు. ఎవరూ ఎప్పుడూ విసుక్కోలేదు. ఫిలిప్పీన్స్‌లోనే మిందనావో వైపు ముస్లింలు లక్షల్లో ఉన్నారు, పంది కొవ్వు లేకుండా బ్రెడ్ చేయడం వాళ్ళకు కొత్త కాదు.

ఇంకో సంగతి. కేకుల మీద జెల్లీలా మెరిసే పొర ఉంటే అది కూడా అడగండి. ఫిలిప్పీనోల క్రేమా దె ఫ్రూతా కేకు పైన పళ్ళ మీద పోసేది జెలటిన్, జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. 'గులామన్' అంటే సముద్రపు నాచుతో చేసేది, దానితో ఇబ్బంది లేదు.

బెజవాడ_బేకరీ:
నేను బేకరీ పనివాణ్ణి, మా తాత నాటి నుంచి ఇదే పని. కొవ్వు ఎందుకు వాడతారో చెబుతాను, అప్పుడు కోపం కొంచెం తగ్గుతుంది.

తాపేశ్వరం మడత కాజా పొరలు ఎలా వస్తాయి? చపాతీలా ఒత్తి, నెయ్యో డాల్డానో రాసి, పిండి చల్లి, చుట్టి కోస్తారు. మధ్యలో ఉన్న కొవ్వు పొరని పొరకి అంటుకోనివ్వదు. హోపియాదీ అదే కిటుకు. నీళ్ళతో కలిపిన ముద్ద ఒకటి, వట్టి కొవ్వుతో కలిపిన ముద్ద ఒకటి. ఒకదాంట్లో ఇంకోటి పెట్టి, ఒత్తి, చుట్టి, మళ్ళీ ఒత్తుతారు. పంది కొవ్వు గది వేడిలో గట్టిగానూ ఉండదు, కారిపోదు. ఒత్తడానికి అంతకంటే సుఖమైనది లేదు. డాల్డా రకంతో కూడా వస్తుంది, చాలామంది అలాగే చేస్తున్నారు. నూనెతో అయితే పొర అంత విడిపోదు.

నా అనుమానం ఇంకోటి. హోపియా ఒత్తిన బల్ల మీదే పాన్‌డెసాల్ కూడా కోస్తారు, ట్రేలకి రాసేది ఏదో అడగాలి. పట్టింపు ఉన్న పెద్దావిడ కాబట్టి చెబుతున్నాను.

గోదారి_కోడలు:
బల్ల, ట్రే అంటూ పోతే ఆవిడ అమెరికాలో మంచినీళ్ళు కూడా తాగలేదు! అందుకే అంటున్నాను, కొన్ని తెలియకపోవడమే మేలు. డాక్టర్ గారు "నేనైతే చెబుతాను" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. చెప్పాక ఆ రాత్రి ఆవిడ పక్కన కూర్చునేది ఆయన కాదు కదా.

తిరుపతి_అమ్మమ్మ:
అమ్మా గోదారి కోడలూ, నువ్వు ప్రేమతోనే అంటున్నావు. నేను ఆవిడ వయసుదాన్నే, డాలస్‌లో కూతురి దగ్గరకి వచ్చి వెళ్తుంటాను. నా సంగతి చెబుతాను. మా ఇంట్లో ఒక చీజ్ విషయం ఏడాది పాటు నాకు తెలియనివ్వలేదు. దూడ కడుపులోంచి తీసిన దానితో పాలు విరిచే రకమట. మనవరాలు ఎనిమిదేళ్ళది, నోరు జారింది. తలస్నానం చేసి, ఒకపూట భోజనం మానేసి, స్వామికి దండం పెట్టుకున్నాను. అది అక్కడితో అయిపోయింది. కానీ వంటింట్లో నేను లేనప్పుడు అల్లుడూ కూతురూ మెల్లగా మాట్లాడుకునేది ఇదా అనిపించి, ఆ తర్వాత ఆ ఇంట్లో ఏది పెట్టినా రెండుసార్లు చూసేదాన్ని. నాయనా, నువ్వు సాకు చెప్పి బేకరీ మాన్పించానన్నావు. మీ అమ్మకి ఆ సాకు ఇప్పటికే అతకలేదేమో చూసుకో.

దావావో_డాక్టర్:
అమ్మమ్మ గారూ, నమస్కారం. నేను నాలుగు ముక్కల్లో చెప్పలేనిది మీరు చెప్పారు.

గోదారి కోడలు గారూ, మీరన్నది నిజమే, పక్కన ఉండి చూసుకునేది నేను కాదు. మీ అత్తగారిలా షుగర్ ఉన్నవాళ్ళయితే ఉపవాసం విషయంలో ముందే జాగ్రత్త పడాలి. తిన్నాక మధ్యాహ్నం వేళ చెప్పడం మంచిది, రాత్రి పడుకోబోయే ముందు వద్దు.

బేకరీని వదులుకోకపోతే అమ్మ తినగలిగేవి కొన్ని ఉన్నాయి. ఊబే హాలయా అడగండి. ఊబే అంటే మన పెండలమే, ఊదా రంగు రకం. ఉడికించి, తురిమి, పాలు, వెన్న, చక్కెర వేసి గరిటె నిలబడే దాకా కలుపుతారు. గుడ్డు ఉండదు. బొహోల్ దీవిలో ఈ దుంప చేయి జారి కింద పడితే తీసి ముద్దు పెట్టుకుంటారు, మన ఇంట్లో అన్నం తొక్కితే కళ్ళకద్దుకున్నట్టు. అదే ఊబే కేకులో అయితే గుడ్లు బాగా పడతాయి, వద్దు. కుట్సింటా ఉంటుంది, బియ్యప్పిండి, బ్రౌన్ షుగర్‌తో ఆవిరి మీద ఉడికించి పైన కొబ్బరి కోరు వేస్తారు. దాంట్లోనూ మామూలుగా గుడ్డు, కొవ్వు ఉండవు. అయినా అడిగే తీసుకోండి.

యూనియన్‌సిటీ_కొడుకు:
అందరికీ నమస్కారం. నిన్న మధ్యాహ్నం భోజనమయ్యాక చెప్పాను. ప్యాకెట్ కూడా చూపించాను. అమ్మ కళ్ళజోడు తెచ్చుకుని స్టిక్కర్ తనే చదివింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీకెప్పుడు తెలిసింది?" అని ఒక్కటే అడిగింది. శనివారం అన్నాను. "మరి మోకాళ్ళ నొప్పి వస్తుంది, అంత దూరం నడవద్దు అన్నావు" అంది. తిరుపతి అమ్మమ్మ గారూ, మీరు చెప్పినట్టే ఆ సాకు అతకలేదు.

సాయంత్రం స్నానం చేసి దీపం పెట్టుకుంది. రాత్రి మజ్జిగన్నం తింది.

ఇవాళ పొద్దున నేనొక్కణ్ణే బేకరీకి వెళ్ళి యజమానురాలితో మాట్లాడాను. ఆవిడకి మా అమ్మ తెలుసు, చీర కట్టుకుని వచ్చే పెద్దావిడ అని. విన్నాక నోటి మీద చేయి పెట్టుకుంది. లోపలికి తీసుకెళ్ళి రెండు డబ్బాలు చూపించింది. హోపియాకి ఒకటి, మిగతా బ్రెడ్‌లన్నిటికీ, ట్రేలకీ ఇంకోటి. రెండోదాని మీద పామాయిల్, సోయా నూనె అనే ఉన్నాయి. హోపియాల ట్రే ముందు చీటీ మీద 'లార్డ్' అని నా ఎదురుగానే మార్కర్‌తో రాసింది.

అమ్మ మాత్రం ఇక అక్కడిది ఏదీ తిననంది. "పిల్లలకి తీసుకురా, వాళ్ళకిష్టం" అంది. వాకింగ్‌కి వస్తానంది, బేకరీ బయట బెంచీ మీద కూర్చుంటుందట.

గోదారి_కోడలు:
చెప్పకుండా ఉండాల్సింది అనే ఇప్పటికీ అంటాను. రోజుకొక హోపియా తిని మురిసిపోయే మనిషి ఇప్పుడు బెంచీ మీద కూర్చుంటుంది. అయినా మజ్జిగన్నం తిన్నారు కదా, అది విని ప్రాణం కుదుటపడింది. రేపు కూడా కనిపెట్టి ఉండండి.

బెజవాడ_బేకరీ:
అన్నా, పాన్ దె కోకో అని ఉంటుంది, అమ్మకి చూపించండి. మన కొబ్బరి బన్ను లాంటిదే. పైన గుడ్డు పూశారేమో అడగండి. లేకపోతే ఇంట్లోనే చేయండి, కొలతలు నేను పంపిస్తాను. మైదా, ఈస్టు, పాలు, వెన్న, లోపలికి కొబ్బరి లౌజు. అమ్మగారికి లౌజు చేయడం నేను నేర్పక్కర్లేదు.

యూనియన్‌సిటీ_కొడుకు:
పంపించు తమ్ముడూ. ఓవెన్ ఎన్ని డిగ్రీల మీద పెట్టాలో కూడా రాయి. యాలకులు తను వేస్తుందట.