యూరైల్ పాస్: పారిస్–జూరిచ్–మిలాన్–వెనిస్–వియన్నా. ఏ సీట్లు ముందు బుక్ చేయాలి?

కాకినాడ_శ్రీను:
మేలో వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, పదేళ్ల బాబు, 60 దాటిన అమ్మానాన్న. నెలలో 7 రోజులు తిరిగే గ్లోబల్ పాస్ (చాలా దేశాల రైళ్లకి ఒకే పాస్) అనుకుంటున్నాం. ఏ రైళ్లకి ముందే రిజర్వేషన్ చేయాలి? పెద్దవాళ్ల కోసం ఫస్ట్ క్లాస్ తీసుకోవాలా? వెనిస్ నుంచి వియన్నాకి రాత్రి రైలు మంచిదేనా?

లలిత_హనుమకొండ:
మిగతావన్నీ తర్వాత. పారిస్–జూరిచ్ ఈరోజే చూడండి. ఆ రైల్లో పాస్ వాళ్లకి కోటా ఉంటుంది. సీట్లు ఖాళీగా కనిపిస్తూనే ఉంటాయి, పూర్తి ధర పెడితే టికెట్ ఇస్తారు, పాస్ అంటే మాత్రం లేదంటారు. అంత డబ్బు పోసి కొన్న పాస్ చేతిలో పెట్టుకుని మళ్లీ టికెట్ కొనాలంటే ఒళ్లు మండిపోదా? ఆర్ఏసీ లేదు, వెయిటింగ్ లిస్టూ లేదు. చివరికి మేం స్ట్రాస్‌బర్గ్ దాకా టీజీవీలో (ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు) సీటు తీసుకుని, అక్కడ టీఈఆర్ (రీజనల్ రైలు) ఎక్కి, బాసెల్ మీదుగా జూరిచ్ చేరాం. టీఈఆర్‌కీ బాసెల్–జూరిచ్ రైలుకీ రిజర్వేషన్ అక్కర్లేదు. పారిస్‌లో స్టేషన్ మాత్రం చూసుకోండి: జూరిచ్ బండి గార్ ద లియాన్ నుంచి, స్ట్రాస్‌బర్గ్ బండి గార్ ద లెస్ట్ నుంచి.

మ్యూనిక్_కుర్రాడు:
ఎందుకండీ ఇంత టెన్షన్? నేనిక్కడే మాస్టర్స్ చేస్తున్నా. జర్మనీ, ఆస్ట్రియా, స్విస్ లోపల తిరిగే రైళ్లయితే దాదాపు అన్నీ ఎక్కి కూర్చోవడమే. ఫ్రాన్స్, ఇటలీ హైస్పీడ్ బళ్లతోనే గొడవంతా. ఇంటర్‌రైల్ పాస్ తీసుకోండి, హాయిగా ఉంటుంది.

రైలుబండి:
తమ్ముడూ, ఇంటర్‌రైల్ యూరప్‌లో నివాసం ఉన్నవాళ్లకి. నువ్వు కొనొచ్చు, కాకినాడ నుంచి వచ్చేవాళ్లు కొనకూడదు, వాళ్లది యూరైల్. తెలియకపోతే ఊరుకోవాలి, లేకపోతే ఒక కుటుంబం డబ్బు పోతుంది.

శ్రీను గారూ, చుట్టాలందరికీ ఈ రూట్లు వేసిచ్చేది నేనే, పాస్ రూల్స్ నాకు కంఠతా వచ్చు. మీరు ఊరు మారేది నాలుగుసార్లే, 7 రోజుల పాస్ ఎందుకు? 4 లేదా 5 రోజులది చాలు. అమ్మానాన్నలకి సీనియర్ తగ్గింపు 10 శాతం. బాబుకి 12 నిండలేదు కాబట్టి పాస్ ఉచితం, అయినా వాడి పేరు మీద చైల్డ్ పాస్ తీయాలి. రిజర్వేషన్ ఛార్జీ మాత్రం వాడికీ కట్టాల్సిందే. రాత్రి రైలు అర్ధరాత్రి లోపు ఎక్కితే, ఎక్కిన రోజు ఒక్కటే లెక్కలోకి వస్తుంది.

మ్యూనిక్_కుర్రాడు:
మంచి మాట మంచిగా చెప్పొచ్చు కదా అన్నా. సాయం చేద్దామనే రాశా.

విశాఖ_ప్రసన్న:
జూరిచ్ నుంచి మిలాన్ నేరుగా వెళ్లిపోకండి ప్లీజ్! స్విస్‌లోని కూర్‌లో బెర్నినా ఎక్స్‌ప్రెస్ అనే కొండ రైలు ఎక్కి ఇటలీలోని తిరానోలో దిగండి, అక్కడి నుంచి మిలాన్‌కి రీజనల్ రైలుంటుంది. పైదాకా గాజు అద్దాలు. జన్మలో మర్చిపోరు.

రైలుబండి:
పాస్ ఉన్నా దానికి రిజర్వేషన్ డబ్బు విడిగా కట్టాలి. అదే పట్టాల మీద సెయింట్ మోరిట్జ్ నుంచి తిరానోకి ఎర్ర లోకల్ రైలు నడుస్తుంది, రిజర్వేషన్ అక్కర్లేదు. 2253 మీటర్ల ఎత్తున అదే ఓస్పిజియో బెర్నినా స్టేషన్, బ్రూసియో దగ్గర అదే గుండ్రటి వంతెన. వేరే కొండలేం చూపించరు.

విశాఖ_ప్రసన్న:
మా మావయ్యగారికి మోకాళ్ల నొప్పులు. లోకల్లో సీటు దొరక్కపోతే ఆయన్ని నిలబెట్టి కొండ ఎక్కించాలా? నంబరు వేసి ఉన్న సీటు కోసమే డబ్బు కట్టాం.

రైలుబండి:
మొదలయ్యే స్టేషన్‌లోనే ఎక్కుతారు, పావుగంట ముందు వెళ్తే సీటు దొరుకుతుంది. ఎక్స్‌ప్రెస్ అద్దాలు తెరుచుకోవు, ఫోటో తీస్తే మన మొహమే పడుతుంది. లోకల్లో కొన్ని పెట్టెల్లో కిటికీ కిందికి దించుకోవచ్చు. వంతెన మీద బండి వంగినప్పుడు ముందు పెట్టెలు మలుపు తిరుగుతూ కనిపిస్తాయి.

విశాఖ_ప్రసన్న:
మీకు ఫోటోలు ముఖ్యం, నాకు మావయ్యగారి కాళ్లు ముఖ్యం. పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లకే తెలుస్తుంది.

లలిత_హనుమకొండ:
ఇద్దరూ ఆపండి. ఏది ఎక్కినా జూరిచ్–మిలాన్ నేరు రైలు యూరోసిటీకి కట్టాల్సిన రిజర్వేషన్ తప్పుతుంది, అది చాలు. మిలాన్–వెనిస్‌కి ఫ్రెచ్చారోస్సా (ఇటలీ హైస్పీడ్ రైలు) అయితే సీటు రిజర్వేషన్ తప్పనిసరి. వెరోనాలో మారుతూ రీజనల్ రైళ్లలో వెళ్తే ఏమీ అక్కర్లేదు, కానీ సూట్‌కేసులతో పెద్దవాళ్లని దించి ఎక్కించడం నా ఓటు కాదు. రాత్రి రైల్లో ఆరు పడకల కుషెట్ గది చూడండి, మీ ఐదుగురికీ సరిపోతుంది. పై పడకలకి నిచ్చెన ఎక్కాలి కాబట్టి కింద రెండూ అమ్మానాన్నలకి. త్వరగా నిండిపోతాయి, పారిస్–జూరిచ్ తర్వాత అదే చేయండి.

నెల్లూరు_కిరణ్:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. ఇదే పాస్‌తో పారిస్ నుంచి లండన్ వెళ్లి రావచ్చా?

మ్యూనిక్_కుర్రాడు:
యూరోస్టార్‌లో పాస్ చెల్లుతుంది. రిజర్వేషన్ తప్పనిసరి, కోటా అక్కడా ఉంది. కానీ మన పాస్‌పోర్ట్‌కి బ్రిటన్ వీసా వేరే కావాలి. షెంగెన్ వీసా సింగిల్ ఎంట్రీ అయితే లండన్ వెళ్లాక మళ్లీ పారిస్‌లోకి రానివ్వరు, మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి. ఇది మాత్రం కరెక్టే కదా రైలుబండి అన్నా?

రైలుబండి:
కరెక్టే.

కాకినాడ_శ్రీను:
లలిత గారూ, పారిస్–జూరిచ్ ఐదు సీట్లూ దొరికాయి, చాలా థాంక్స్ అండీ. పాస్ 5 రోజులదే తీసుకుంటున్నాం. ఫస్ట్ క్లాస్ సంగతి ఎవరైనా చెప్పగలరా?