జిల్లా ప్రెస్‌మీట్లో అమెరికా సంగతి మనకెందుకు?

ఒంగోలు స్ట్రింగర్

పేపరుకి ఊళ్ల వార్తలు పంపే స్ట్రింగర్ని నేను. పోయిన వారం సింగరాయకొండ వైపు ఒక రోడ్డు శంకుస్థాపనకి వెళ్లాను. నాయకుడి పేరు, పార్టీ అనవసరం. షామియానా కింద టేబుల్ మీద పదకొండు చానళ్ల మైకు గొట్టాలు. రోడ్డు ఎప్పటికి పూర్తవుతుందని మొదటి ప్రశ్న. “త్వరలోనే” అన్నారు. తర్వాత చానల్ కుర్రాడొకడు “సార్, ట్రంప్ సుంకాల మీద మీ స్పందన?” అన్నాడు. అంతే, పెద్దాయన కుర్చీలో ముందుకి జరిగారు. రష్యా, చైనా, డాలరు, యుద్ధాలు... ఇరవై రెండు నిమిషాలు. ఊరికే అనడం లేదు, ఫోన్లో రికార్డింగ్ ఉంది. నేను సైడు కాలవ గురించి నోరు తెరిచేసరికి పీఏ “టైమైంది, టైమైంది” అంటూ లేపేశాడు. మర్నాడు హెడ్డింగు “అమెరికా దిగిరాక తప్పదు”. రోడ్డుకి నాలుగు లైన్లు.

విదేశాంగం కేంద్ర జాబితాలోది. ఏడో షెడ్యూలు తీస్తే కనిపిస్తుంది. ఎమ్మెల్యేకి గానీ రాష్ట్ర మంత్రికి గానీ ఆ ఫైలు మీద సంతకం లేదు. సంతకం లేని విషయం మీద ఎంత మాట్లాడినా రేపు ఎవరూ లెక్క అడగరు. ఆ ప్రశ్నంటే వాళ్లకి అంత ప్రేమ అందుకే. జిల్లాలో ఇలాంటివి అడగడం మనమే మానేస్తే మంచిదని నా అభిప్రాయం.

విడవలూరు చెరువుగట్టు

అన్నా, నీకది హెడ్డింగు. నాకు రొయ్యల చెరువు. 2025 ఆగస్టు 7న అమెరికా వాళ్లు మన సరుకు మీద 25 శాతం సుంకం వేశారు. రష్యా చమురు కొంటున్నామని 27న ఇంకో 25. మరీ చవగ్గా అమ్ముతున్నామని వేసే యాంటీ డంపింగు, సర్కారు సబ్సిడీలకి విరుగుడుగా వేసే కౌంటర్‌వెయిలింగు సుంకాలు వీటికి అదనం. మనకి పోటీ అయిన ఈక్వెడార్ రొయ్యకేమో అప్పట్లో 15 శాతం. సుంకం కట్టేది అక్కడ దిగుమతి చేసుకునేవాడే. కానీ వాడు ఇక్కడి కంపెనీని నొక్కుతాడు, కంపెనీ ఏజెంటుని నొక్కుతుంది, ఏజెంటు నన్ను. నేనెవర్ని నొక్కాలబ్బా, రొయ్యనా?

అప్పుడు నా చెరువులో 60 కౌంట్ సరుకుంది, అంటే కిలోకి అరవై రొయ్యలు. సాయంత్రం ఒక రేటు చెప్పిన ఏజెంటు రాత్రి పదింటికి మళ్లీ ఫోన్ చేసి కిలోకి నలభై కోసేశాడు. “పైనుంచి అట్లా చెప్పారన్నా” అంటాడు. పట్టకుండా ఆపుదామంటే రోజూ మేత వెయ్యాలి, నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరగాలి, కరెంటు పోతే డీజిలు కాలాలి. వైట్ స్పాట్ రోగం తగిలిందంటే మొత్తానికే మునుగుతాం. రెండు రాత్రులు టార్చిలైటు పెట్టుకుని మేత తిన్నాయో లేదో తెలిసే చెక్ ట్రే ఎత్తి చూసుకుంటా కూర్చున్నా. మూడోనాడు వాడు చెప్పిన రేటుకే పట్టించేశా. ఈ ప్రశ్న ఇక్కడి నాయకుడిని అడగొద్దంటే వాషింగ్టన్ పోయి అడగమంటావా?

రిటైర్డ్ రెవెన్యూ

నాయకుల్ని ఎంతైనా అడగండి. ఉద్యోగుల్ని మాత్రం ఇందులోకి లాగకండి. అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమాలు, 1968లో ఏడో నిబంధన చూడండి. ప్రభుత్వ విధానాన్ని తప్పుపట్టే మాట, పరాయి దేశంతో కేంద్రానికున్న సంబంధాలని ఇబ్బందిపెట్టే మాట ఐఏఎస్ అధికారి బహిరంగంగా అనకూడదు. చెప్పే ఇష్టం లేక కాదు, చెప్పే వీల్లేదు.

2022 ఏప్రిల్ 28 నుంచి మూడు వారాలకి పైగా ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. ఆ రోజుల్లో మా పై అధికారిని విలేకరులు చుట్టుముట్టారు. “దుకాణాల్లో నిల్వలు తనిఖీ చేయిస్తాను, ఇండోనేషియా మాట నన్నడక్కండి” అన్నారాయన. మర్నాడు ఒక పేపర్లో “చేతులెత్తేసిన అధికారి”! ఆ నిల్వల లెక్క రాసింది నేను. నూనె డబ్బాలు తాకీ తాకీ మూడు రోజులు చేతుల జిడ్డు వదల్లేదు. దాని మీద ఒక్క ముక్క రాలేదు.

కావలి అమ్మ

మాటకి అధికారం ఉన్నవాళ్లయితే సరిగ్గా చెబుతారన్న నమ్మకం నాకు పోయింది. అమెరికాలో ఉండే మా అబ్బాయి వాళ్ల తాతగారి కోసం 2025 మహాలయ అమావాస్యకి వచ్చాడు. ఆదివారం అమావాస్య. శనివారం తెల్లారేసరికి ఫోన్లు, వాడి ఉద్యోగ వీసా హెచ్‌వన్‌బీకి లక్ష డాలర్లట! అమెరికా వాణిజ్య మంత్రే విలేకరుల ముందు ఏటేటా కట్టాలన్నట్టు చెప్పాడు. ఆదివారం నుంచి అమలు. వీళ్ల కంపెనీ ‘వెంటనే వచ్చెయ్’ అని మెయిలు పెట్టింది. ఉన్నపళాన టికెట్ మార్చుకుని చెన్నై పరుగెత్తాడు. నానబెట్టిన మినప్పప్పు నానబెట్టినట్టే ఉంది.

వాడు విమానంలో ఉండగా వైట్‌హౌస్ ప్రతినిధి వివరణ ఇచ్చింది. అది ఏటా కట్టేది కాదు, ఒక్కసారే. కొత్త దరఖాస్తులకే, ఇప్పుడు వీసా ఉన్నవాళ్లకి వర్తించదు. ఒక్క రోజు ఆగి, కాగితం చదివి మాట్లాడితే ఆ మంత్రికి పోయేదేముంది? తాతగారి పిండం మనవడు లేకుండానే పెట్టాం.

మన వాళ్లు మాత్రం తక్కువా? ఆ సాయంత్రమే లోకల్ చానల్లో ఒకాయన “ఎవరూ భయపడొద్దు, నేను మాట్లాడుతున్నా” అన్నాడు. ఎవరితో మాట్లాడుతున్నాడో ఆయనకే తెలియాలి.

టంగుటూరు టీకొట్టు

స్ట్రింగరన్నా, ఒక నిజం చెప్పు. అమెరికా అని రాస్తే మెయిన్‌లో పడుద్ది, సైడు కాలవ అని రాస్తే జిల్లా పేజీలో పడుద్ది. అవునా కాదా? ఆ కుర్రాడు ఆ ప్రశ్న ఊరికే అడిగాడా?

ఒంగోలు స్ట్రింగర్

అవును. ఆ హెడ్డింగు ఇచ్చింది కూడా నేనే. డెస్కు వాళ్లు అక్షరం మార్చలేదు.

అడగడం మానేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. చెరువుగట్టు తమ్ముడి మాట న్యాయం. అసలు తప్పు నేను రెండో ప్రశ్న వెయ్యకపోవడం. అమెరికా సంగతి చెప్పాక “మీ చేతిలో ఉన్నదాని సంగతేంటి” అని ఒక్కరం అడగలేదు. ఆక్వా కరెంటు యూనిట్ రూపాయిన్నరకి అందరికీ ఇస్తారా, ప్రభుత్వం గుర్తించిన ఆక్వా జోన్లో ఉన్నవాళ్లకేనా అన్నది రాష్ట్రం చేతిలో పని. దానికి ట్రంప్ పర్మిషన్ అక్కర్లేదు. ఎంపీ అయితే ఇంకో దారి ఉంది. లోక్‌సభలో పదిహేను రోజుల ముందు నోటీసిస్తే మంత్రితో జవాబు చెప్పించొచ్చు. మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన నక్షత్ర ప్రశ్నలు రోజుకి ఇరవై ఉంటాయి, అనుబంధ ప్రశ్న కూడా వెయ్యొచ్చు. ఎవరు ఏం అడిగారో సభ వెబ్‌సైట్లో పేరు కొడితే వస్తుంది. నేనిన్నేళ్లలో ఒక్కసారీ కొట్టి చూడలేదు, సిగ్గుగా ఉంది.

రెవెన్యూ సార్, మీ నూనె డబ్బాల వార్త మాత్రం మా వాళ్ల తప్పే.

విడవలూరు చెరువుగట్టు

మరి ఈసారి అడుగుతావా?

ఒంగోలు స్ట్రింగర్

నిన్ననే అడిగా. అదే నాయకుడు, ఈసారి కొత్తపట్నంలో. రొయ్య రైతుల కోసం ఢిల్లీకి లేఖ రాశానన్నారు. “ఏ తేదీన సార్? కాపీ ఇస్తారా?” అన్నాను. ఆయన పీఏ వైపు చూశారు. పీఏ నా నంబరు రాసుకున్నాడు, వాట్సాప్ చేస్తానన్నాడు.

విడవలూరు చెరువుగట్టు

వచ్చిందా?

ఒంగోలు స్ట్రింగర్

గుడ్ మార్నింగ్ ఫోటో ఒకటి వచ్చింది.