పాత షాట్‌గన్ తోలు పెట్టె: కొనేముందు ఏం చూడాలి, కొన్నాక ఏది ముందు

పన్నెండో_బోర్:
తుపాకి 12 బోర్, సైడ్ బై సైడ్ (రెండు బ్యారెల్స్ పక్కపక్కన), హ్యామర్‌లెస్ (హ్యామర్లు బయటికి కనబడవు), 28 అంగుళాల బ్యారెల్స్, 1900 ప్రాంతపు ఇంగ్లిష్ తయారీ. లైసెన్స్ ఉంది, పెట్టె లేదు. ఇప్పుడొక ఓక్ అండ్ లెదర్ పెట్టె అమ్మకానికి కనబడింది. మూలల్లో తోలు లేచింది, తాకితే చేతికి ఎర్రటి పొడి అంటుతోంది. హ్యాండిల్ ఒకవైపు ఊడింది. లోపలి మెరూన్ బేజును (దళసరి ఉన్ని గుడ్డ) చిమ్మట కొట్టింది. మూత లోపలి లేబుల్ సగం లేచి వేలాడుతోంది. తాళంచెవి లేదు. కొనొచ్చా? కొంటే మొదట దేన్ని పట్టుకోవాలి? నీట్స్‌ఫుట్ ఆయిల్ (పశువుల కాళ్ళ నుంచి తీసే నూనె) బాగా పట్టించమని అమ్మేవాళ్ళే సలహా ఇచ్చారు.

బర్మింగ్‌హామ్_బాబు:
నూనె మాట అటుంచండి, దాని సంగతి కింద ఎవరో ఒకరు చెప్తారు. ముందు టేపు తీయండి.

బయటి కొలత పనికిరాదు, లోపలి కొలతే అడగండి. తుపాకిని విప్పి బ్యారెల్స్ ఒక గదిలో, స్టాక్ (చెక్క పిడి భాగం) ఇంకో గదిలో పెడతారు. బ్యారెల్ గది పొడవు 28 అంగుళాలకు (711 మి.మీ.) పైన కనీసం 10-15 మి.మీ. ఖాళీ ఉండాలి. 30 అంగుళాల బ్యారెల్స్‌కి కట్టిన పెట్టె అయితే భయం లేదు, చివర ఒక చెక్క ముక్కకు బేజు చుట్టి పెడితే సరిపోతుంది. 28కి కట్టినదాంట్లో 30 మాత్రం పట్టించలేరు. తర్వాత స్టాక్ గది. యాక్షన్ (ట్రిగ్గర్ ఉండే లోహపు భాగం) ముందు అంచు నుంచి బట్ (భుజానికి ఆనే చివర) మడమ, అంటే దాని పై మూల దాకా మీ తుపాకిని కొలిచి ఆ అంకెతో పోల్చండి. చాలామంది బ్యారెల్స్ ఒక్కటే కొలిచి కొంటారు, బట్ కింద రబ్బర్ ప్యాడ్ ఉంటే అర అంగుళం దగ్గర దెబ్బ తింటారు. హ్యామర్ గన్ అయితే లోతు కూడా చూడాలి. హ్యామర్‌లెస్ కోసం చేసిన పెట్టెలో పెట్టి మూత వేస్తే హ్యామర్లు మూత గుడ్డను చించుతాయి. మీకు ఆ బాధ లేదు.

ఇంకో సంగతి. మీది ఓక్ అండ్ లెదర్ కాబట్టి బరువు మోసేది చెక్క, తోలు పైచర్మం మాత్రమే. ఎర్ర పొడి రాలినా పెట్టె నిలబడుతుంది. అదే లెగ్ ఆఫ్ మటన్ పెట్టె (పేరుకు తగ్గట్టే వేటమాంసం తొడ ఆకారం) మొత్తం తోలుతోనే నిలబడుతుంది. దానికి రెడ్ రాట్ పడితే బాగుచేయడానికి ఏమీ మిగలదు, ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి.

కరక్కాయ:
ఎర్ర పొడి విషయం. దీన్ని రెడ్ రాట్ అంటారు. చెట్టు బెరడుతో శుద్ధి చేసిన తోలు, గాలిలోని గంధక వాయువుల్ని పీల్చి ఆమ్లంగా మారి, పీచు పీచుగా విడిపోవడం. బొగ్గు పొగ, గ్యాస్ దీపాల కాలం నాటి ఇళ్ళలో ఉన్న సరుకుకు ఇది ఎక్కువ. ఒకసారి వచ్చాక వెనక్కి పోదు. మనం చేసేది ఉన్నదాన్ని పట్టి నిలపడమే.

మనకు దగ్గరి సంగతి ఒకటి: అన్ని బెరడులూ ఒకటి కావు. మద్రాసు నుంచి ఇంగ్లండుకు టన్నులకొద్దీ వెళ్ళిన 'ఈస్ట్ ఇండియా' తోలు మన తంగేడు బెరడుతో శుద్ధి చేసినదే. పుస్తకాల బైండింగ్ తోళ్ళు ఎందుకు పొడి రాలుతున్నాయని లండన్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ కమిటీ 1900 తర్వాత తేల్చినప్పుడు, తంగేడు జాతి టానిన్లు (తోలును శుద్ధి చేసే వగరు పదార్థాలు) త్వరగా చెడతాయని, సుమాక్ లాంటివి ఎక్కువ కాలం నిలుస్తాయని చెప్పింది. మన కరక్కాయ టానిన్ రెండో జాతిదే. అందుకే పెట్టె ఒళ్ళంతా ఓక్ బెరడు తోలు గట్టిగా ఉండి, పట్టీ ఒక్కటే పొడి రాలుతుంటే ఆశ్చర్యపోకండి. ఆ పట్టీని తర్వాత వేరే తోలుతో వేసి ఉండొచ్చు.

పరీక్ష: పట్టీ వెనుక, కనబడని చోట, సూదిమొనంత నీటిచుక్క పెట్టండి. బాగున్న తోలు మెల్లగా పీల్చి, ఆరాక మళ్ళీ మామూలు రంగుకు వస్తుంది. రెడ్ రాట్ తోలు చుక్క పడగానే నల్లబడి అలాగే ఉండిపోతుంది, ఆరాక ఆ చోట అట్టలా గట్టిపడుతుంది. అందుకే దీనిమీద తడిగుడ్డ వద్దు, సబ్బు వద్దు, శాడిల్ సోప్ అసలే వద్దు.

పాతపెట్టె:
నూనె గురించి నేను చెప్తా. నీట్స్‌ఫుట్, కొబ్బరి, ఆముదం, ఏదైనా ఫలితం ఒకటే. మొదటివారం తోలు మెత్తగా, కొత్తగా కనిపిస్తుంది, ఫోటో బాగా వస్తుంది. ఆ తర్వాత నూనె తోలు దాటి కుట్టుదారంలోకి, చెక్కలోకి, చివరికి బేజులోకి దిగుతుంది. గాలి తగిలి జిడ్డు బంక కడుతుంది, తోలు నల్లబడుతుంది. కోస్తాలో వానాకాలం ఉక్కలో దానిమీద బూజు పడుతుంది. పైగా నూనె పట్టిన తోలుకు తర్వాత ఏ జిగురూ అతకదు. అమ్మేవాళ్ళు సలహా ఇచ్చారంటే అప్పటికే కొంచెం పట్టించి ఉంటారేమో, వాసన చూడండి.

పన్నెండో_బోర్:
వాసన లేదు. పట్టీ వెనుక చుక్క పెట్టించాను, వెంటనే నల్లబడిందట. మూత పైభాగంలో మాత్రం నల్లబడలేదు. లోపలి పొడవు 30½ అంగుళాలు, స్టాక్ గది సరిపోతుంది.

కరక్కాయ:
అయితే పొడి రాలే చోట్లకు మాత్రమే మందు. మిగతా ఒంటి జోలికి వెళ్ళొద్దు.

కావలసింది హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్, క్లూసెల్ జి అనే పేరుతో దొరుకుతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 100 మి.లీ.కు పొడి 2 గ్రాములు. పొడిని ఒక్కసారి పోస్తే ఉండ కడుతుంది. ఆల్కహాల్‌ను కలుపుతూ చిటికెడు చిటికెడుగా చల్లండి, మూత పెట్టి రాత్రంతా వదిలేయండి, పొద్దుటికి పల్చటి గంజిలా అవుతుంది. ముందు మెత్తటి బ్రష్‌తో రాలిన పొడిని వాక్యూమ్ నోటివైపు తోసి తీసేయండి. మెత్తటి 25 మి.మీ. బ్రష్‌తో పల్చగా ఒక పూత. 24 గంటలు ఆరాక తెల్లటి దూదితో ముట్టి చూడండి, ఇంకా ఎర్రగా అంటితే రెండో పూత. మూడోది వేస్తే మెరుపు వచ్చి, తర్వాత పొరగా లేస్తుంది. రంగు కాస్త ముదురుతుంది, అది తప్పదు. కిటికీలు తెరిచి చేయండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

జాగ్రత్త: మిథైల్ సెల్యులోజ్ వేరు. పేరు ఒకేలా ఉందని చాలామంది అది కొని నీళ్ళలో కలిపి రాస్తారు, తోలు మొత్తం నల్లగా మాడిపోయినట్టు అవుతుంది.

తేనెమైనం:
మందు ఆరాక మైక్రోక్రిస్టలైన్ మైనం ఒక పల్చటి పూత. బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో పుట్టిన రెనెసాన్స్ వ్యాక్స్ అయితే బఠాణి గింజంత మొత్తం పెట్టె మూత మొత్తానికి వస్తుంది. ఎక్కువ పూస్తే కుట్టు సందుల్లో తెల్లగా పేరుకుంటుంది.

ఇత్తడి మూలల దగ్గర, రివెట్ల చుట్టూ ఆకుపచ్చటి మైనం లాంటి ముద్ద ఉందేమో చూడండి. తోలులోని కొవ్వు ఇత్తడిలోని రాగితో కలిసి అలా అవుతుంది. పళ్ళపుల్లను కొంచెం చదునుగా చెక్కి, రివెట్ తల చుట్టూ తోలుకు తగలకుండా లోపలినుంచి బయటికి తిప్పితే పొరలు పొరలుగా ఊడి వస్తుంది. మిగిలిన మరకకు దూదిపుల్లమీద వైట్ స్పిరిట్ (పెయింట్ పలచన చేసే ద్రావకం), లోహం మీదే. తోలులో కొవ్వు ఉన్నంతకాలం అది మళ్ళీ వస్తుంది, ఏడాదికోసారి ఈ పని తప్పదు. చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి మెరుగు పెట్టే ద్రావణాలు వద్దు. పులుపు కారి తోలులోకి దిగుతుంది, మెరుగు పొడి తెల్లగా కుట్లలో ఇరుక్కుంటుంది. పాత ఇత్తడికి ఆ గోధుమ రంగే అందం, అద్దంలా మెరిసే మూలలు చూస్తే కొనేవాళ్ళకు అనుమానం వస్తుంది.

జీనుకుట్టు:
హ్యాండిల్ ఊడిన చోట రింగు ఇంకా ఉందా? ఉంటే పని తేలిక. దారం లినెన్, తేనెమైనం పట్టించాలి. నైలాన్, పాలియెస్టర్ వద్దు. ఎందుకంటే బరువు పడినప్పుడు దారం తెగాలి గాని తోలు తెగకూడదు. నైలాన్ గట్టిగా ఉండి పాత తోలును కత్తిలా కోస్తుంది.

రెండు మొండి సూదులు, ఒకే దారం, రెండువైపుల నుంచి ఒకే కన్నంలో దూర్చే జీను కుట్టు. దారం పొడవు కుట్టే గీతకు నాలుగింతలు తీసుకోండి. పాత కన్నాల్లోనే కుట్టాలి. ఇంగ్లిష్ పని సాధారణంగా అంగుళానికి 8 కుట్లు పైచిలుకు ఉంటుంది, అంత దగ్గర్లో ఆరెతో కొత్త కన్నం పొడిస్తే పోస్టల్ స్టాంపు చింపినట్టు గీతంతా ఊడి వస్తుంది. కన్నంలో మిగిలిన పాత దారపు పోగుల్ని ట్వీజర్‌తో లాగేయండి, మూసుకుపోతే సూదితో తెరవండి, ఆరెతో కాదు. చివర రెండు కుట్లు వెనక్కి వేసి కోసేయండి, ముడి వద్దు. లాగేటప్పుడు తోలు ముడతపడితే బిగువు ఎక్కువైందన్నమాట.

పట్టీ బకిల్ వంపు దగ్గర పగిలి ఉంటుంది, అన్నీ అక్కడే పగులుతాయి. దానికి 3 నుంచి 3.5 మి.మీ. వెజిటబుల్ టాన్డ్ (బెరడుతో శుద్ధి చేసిన) బ్రైడిల్ తోలు, అంటే గుర్రపు కళ్ళేలకు వాడే రకం. క్రోమ్ టాన్డ్ (క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన) తోలు సాగుతుంది, పాతదాని పక్కన రంగూ కలవదు. బకిల్ లోపలి వెడల్పు కొలిచి పట్టీని దానికంటే 1 మి.మీ. తక్కువ కోయండి. పాత పట్టీని పారేయకుండా పెట్టెలోనే ఒక కవర్లో ఉంచండి.

పాతపెట్టె:
గుడ్డ మార్చడం మీద నాది వేరే మాట. చిమ్మట తిన్నంత మాత్రాన బేజు మొత్తం పీకేయొద్దు. లేబుల్, గుడ్డ, గదుల అమరిక, ఈ మూడూ కలిస్తేనే అది ఆ తుపాకి కాలపు పెట్టె. గుడ్డ మార్చిన పెట్టెకు విలువ తగ్గుతుంది.

బర్మింగ్‌హామ్_బాబు:
ఒప్పుకుంటా, కానీ లోపలి చెక్క కనబడేంత తిన్నచోట బ్యారెల్ నేరుగా చెక్కకు రాసుకుంటుంది. అక్కడ మార్చక తప్పదు. మొత్తం కాదు, ఆ ఒక్క అడ్డుగోడ.

ముందు పురుగును చంపాలి. పెట్టెను ప్లాస్టిక్‌లో గాలి లేకుండా చుట్టి, −18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు. బయటికి తీశాక 24 గంటలు విప్పొద్దు, లేకపోతే గాలి తేమ తోలుమీద నీరై కారుతుంది. రెడ్ రాట్ తోలుకు నీరు ఏం చేస్తుందో పైన చెప్పారు కదా. పెట్టె పట్టకపోతే ఊడివచ్చే అడ్డుగోడల్ని మాత్రం పెట్టండి. తర్వాత నైలాన్ వల అడ్డుపెట్టి వాక్యూమ్.

గుడ్డ నూరు శాతం ఉన్ని బేజు. ఒక పోగు కాల్చి చూడండి: కాలిన జుట్టు వాసన వచ్చి, వేళ్ళతో నలిపితే పొడి అయితే ఉన్ని. గట్టి నల్లపూస మిగిలితే సింథటిక్. మెరూన్ రంగు దిగుతుందేమో తెల్ల గుడ్డ తడిపి రుద్ది చూడండి. గుడ్డను నేరుగా చెక్కకు అంటించకుండా 1 మి.మీ. ఆమ్లరహిత అట్టకు చుట్టి, వెనక్కి 15 మి.మీ. మడిచి, మడతకు మాత్రమే జిగురు పెట్టండి. మొత్తం ఉపరితలానికి పూస్తే జిగురు ముందుకు ఉబికి మచ్చలు పడతాయి. జిగురు జంతు గ్లూ: పలుకులు ఒక వంతు, నీళ్ళు రెండు వంతులు, గంట నానబెట్టి, గిన్నెలో గిన్నె పెట్టి 60 డిగ్రీలు దాటకుండా వేడి చేయండి. మరిగితే బలం పోతుంది. రేపు ఇంకెవరైనా విప్పాలన్నా గోరువెచ్చటి తడితో వచ్చేస్తుంది.

తేనెమైనం:
లేబుల్‌కి మాత్రం మైదా ఉడికించిన జిగురు వద్దు. వెండిచేపలు అనే పురుగులకు అది విందుభోజనం. మిథైల్ సెల్యులోజ్ 3 శాతం నీళ్ళలో (ఇక్కడ మాత్రం నీళ్ళే సరైనవి), లేచిన అంచు కింద సన్న బ్రష్‌తో, పైన సిలికాన్ కాగితం, చిన్న బరువు, రాత్రంతా. సిరా నీళ్ళకు దిగుతుందేమో ముందు ఒక మూల చూడండి. వార్నిష్, లామినేషన్, టేపు ఏవీ వద్దు.

లేబుల్ మీద చిరునామా చూడటం మరిచిపోకండి. తుపాకి కంపెనీలు దుకాణాలు మార్చేవి. పర్డీ అయితే ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ చిరునామా 1880ల మొదటి దాకా, తర్వాత సౌత్ ఆడ్లీ స్ట్రీట్. హాలండ్ అండ్ హాలండ్ అనే జంట పేరు 1876 నుంచే. కలకత్తా మాంటన్, రోడా లేబుళ్ళు కూడా మన దగ్గర తిరుగుతుంటాయి. లేబుల్ చిరునామా 1860లది, తుపాకి 1900ది అయితే పెట్టె వేరే తుపాకిది. అది తప్పేం కాదు, అసలు జోడీ అని చెప్పి ధర పెంచితేనే తప్పు. కొత్త నకలు లేబుళ్ళు కూడా అమ్ముతారు. అసలుదానికి చుట్టూ జిగురు మరక గుడ్డలోకి దిగి ఉంటుంది, గుడ్డ వెలిసినా లేబుల్ కింద రంగు ముదురుగా ఉంటుంది.

జీనుకుట్టు:
తాళం: సుత్తి, స్క్రూడ్రైవర్ పెట్టి తెరవొద్దు. చెవి లేకుండా మూత తెరుచుకునే స్థితిలో ఉంటే తాళాన్ని స్క్రూలు తీసి విప్పి, పాత తాళాలు చేసేవాళ్ళకి ఇవ్వండి, లోపలి లీవర్లు చూసి చెవి తయారుచేస్తారు. స్క్రూలు ఒక అట్టముక్కకు అవి ఉన్న వరుసలోనే గుచ్చి పెట్టుకోండి. నక్షత్రం గాడి ఉన్న స్క్రూ కనబడితే అది తర్వాతి మరమ్మతు. లోపల పనిముట్లకు ఏనుగు దంతం పిడి ఉంటే వాటిని కొనకండి, మన వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి. ఎముక, కొమ్ము అనుకుని దంతం కొన్నా అదే చిక్కు.

పన్నెండో_బోర్:
లేబుల్ చిరునామా కాలానికి సరిపోతోంది. రింగు ఉంది. కొంటున్నాను. అంతా అయ్యాక తుపాకిని దీంట్లోనే ఉంచొచ్చా?

పాతపెట్టె:
ప్రయాణానికి ఓకే, ఇంట్లో వద్దు. ఉన్ని తేమను పట్టి ఉంచుతుంది, తోలులోంచి ఆమ్లం వస్తుంది. బ్యారెల్ కింద బేజు తగిలిన గీతవెంట తుప్పు పడుతుంది, తీసి చూసేదాకా కనబడదు. తుపాకి లైసెన్స్ నిబంధనల ప్రకారం దాని అల్మరాలో, ఖాళీ పెట్టె వేరే గదిలో, నేలకు ఆనకుండా, మూత వేలెడంత తెరిచి. తేమ 50-55 శాతం దగ్గర ఉంచగలిగితే చాలు. ఎత్తేటప్పుడు హ్యాండిల్ పట్టుకోకుండా రెండు చేతులూ కిందపెట్టి ఎత్తండి, కొత్త కుట్టు వేసినా సరే.