లింకుల సంఖ్య 2, కానీ ఫైలు రెండో పేరు ఎక్కడా దొరకడం లేదు

నమస్కారం. నేను విశాఖపట్నంలో ఉంటాను. ఉబుంటు 22.04లో నడిచే ఒక టెర్మినల్ పజిల్ ఆట ద్వారా లినక్స్ ఫైల్ సిస్టమ్ నేర్చుకుంటూ, ఆరో లెవెల్ దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. ‘తాళం’ అనే ఫైలుకు ఉన్న రెండో పేరును కనిపెట్టి తొలగించాలన్నది అక్కడి షరతు.

హార్డ్ లింకు అంటే అదే ఐనోడ్‌కు (ఫైలు వివరాలను డిస్కులో ఉంచే నమోదుకు) పెట్టిన మరో పేరు కనుక, ముందుగా ‘ఎల్ఎస్ -ఎల్ఐ’ నడిపాను. తాళం ఐనోడ్ నంబరు 1835, లింకుల సంఖ్య (ఆ ఫైలుకున్న పేర్ల సంఖ్య) 2 అని వచ్చింది. ఆట ఫోల్డరులో ‘ఫైండ్ -ఐనమ్ 1835’తో వెతికితే తాళంతో పాటు ‘గది’ డైరెక్టరీలోని ‘చెవి’ కూడా కనిపించింది. దొరికిందని ఎంతో సంతోషించాను గానీ, చెవి లింకుల సంఖ్య 1 మాత్రమే, లోపలి పాఠం కూడా వేరు. ‘స్టాట్’ చూస్తే తాళం డివైస్ నంబరు (ఫైలు ఏ ఫైల్ సిస్టమ్‌లో ఉందో తెలిపేది) 2051, చెవిది 1808. ద్వారకానగర్‌లోనూ గాజువాకలోనూ ఒకే డోర్ నంబరు ఉండవచ్చు కదా, అలాగే ఇవి రెండు వేర్వేరు ఫైల్ సిస్టమ్‌లని, గది ఒక మౌంట్ పాయింట్ (మరో ఫైల్ సిస్టమ్‌ను తగిలించిన డైరెక్టరీ) అని అప్పుడు అర్థమైంది.

ఆ తరువాత సుడోతో (అడ్మిన్ హక్కులతో) రూట్ డైరెక్టరీ నుంచి, ఒకే ఫైలుకున్న పేర్లన్నీ వెతికే ‘ఫైండ్ -సేమ్‌ఫైల్’ను తాళంపై నడిపాను. ఏ ఎర్రరూ లేకుండా తాళం ఒక్కటే వచ్చింది. చుక్కతో మొదలయ్యే దాగిన పేర్లు కూడా ఆ వెతుకులాటలో కలిసే ఉంటాయి కాబట్టి ఆ అనుమానమూ లేదు.

లింకుల సంఖ్య 2 చూపుతున్నప్పటికీ, డిస్కు అంతా వెతికినా దొరకని ఆ రెండో పేరు ఎక్కడ ఉండగలదు?